తలంటు పీట మీద ట్రక్కు

పోయిన శనివారం మా గరాజ్ సర్దే మహాయజ్ఞం మొదలుపెట్టాం. రెండు కార్లు పట్టే గరాజ్ అని చెప్పి మాకీ ఇల్లు అమ్మారు. అందులో ఇంతవరకు ఒక్క సైకిలు కూడా నిటారుగా నిలబడిన పాపాన పోలేదు. పై అరల్లో ఖాళీ సూట్‌కేసులు, వాటిలో ఇంకా చిన్న ఖాళీ సూట్‌కేసులు, అన్నిటికన్నా లోపలి దాంట్లో ఎప్పటిదో ఆవకాయ వాసన. కాలేజీ సెలవులకి వచ్చిన మా అమ్మాయి ఆ అడవిలోకి నడుం దాకా దిగి, మూల నుంచి నల్లటి చెక్క ఒకటి లాగి, దుమ్ము దులిపి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"డాడీ, ఇదేంటి? స్కేట్‌బోర్డా? వీల్స్ ఏవి?"

"అది పీట అమ్మా. తలంటు పోసుకునేటప్పుడు దాని మీద కూర్చుంటారు. చిన్నప్పుడు నువ్వూ కూర్చున్నావు, కెవ్వున ఏడుస్తూ. మర్చిపోయావా?"

"ఓకే. మరి కింద ఈ బైట్ మార్క్ ఏంటి? ఎవరు కొరికారు?"

పీట అడుగున, రెండు అడ్డపట్టీల మధ్య, కాఫీ సాసరంత గుండ్రటి గాటు ఉంది. దాని చుట్టూ పళ్ళ గుర్తులు. అది చూడగానే, తొమ్మిదేళ్ళుగా ఒక్క రోజు కూడా వయసు పెరగని భయం ఒకటి నా అరికాళ్ళలోంచి లేచి మోకాళ్ళ దాకా ఎగబాకింది. మోకాళ్ళ దగ్గర కాస్త ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ బయల్దేరింది. "జాక్ కొరికింది," అన్నాను. మా అమ్మాయి నన్నొకసారి జాలిగా చూసి, ఇంకో సూట్‌కేసు మీద పడింది. నేను మాత్రం ఆ పీట ఒళ్ళో పెట్టుకుని, దించకుండా, పాత పెయింట్ డబ్బా మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

ముందు మా తోడల్లుడి గురించి చెప్పాలి. ఆయన మా ఆవిడ అక్కగారి భర్త. నాకన్నా ఆరేళ్ళు పెద్ద. అందుకని నేను అన్నయ్యా అంటాను, ఆయన నన్ను తమ్ముడూ అంటాడు, కోపం వస్తే ఒరేయ్ అంటాడు. ఇక్కడే అమెరికాలో, ఇదే నేపర్‌విల్‌లో మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉంటారు. కంటి డాక్టరు. శుక్లాలు తీసి లెన్సు పెట్టే ఆయన వేళ్ళ గురించి మాట్లాడేటప్పుడు మా అత్తవారి వైపు బంధువులు గొంతు తగ్గిస్తారు, గర్భగుడిలో ఉన్నట్టు. ఆయన పుచ్చకాయ కోస్తే ఒక్క గింజ కూడా తెగదట. దానిమ్మకాయ ఒలిస్తే తనను ఒలిచిన సంగతి దానిమ్మకాయకే తెలియదట. మా అత్తగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఆయన చేతికి కాఫీ ఇచ్చే ముందు గ్లాసు వేడి తన అరచేత్తో చూసి మరీ ఇచ్చేది. నాకు అదే కాఫీ పొయ్యి మీది నుంచి నేరుగా వచ్చేది. కంప్యూటర్ ముందు కూర్చునేవాడి వేలు కాలితే ఏమవుతుంది? ఇంకో వేలితో కొడతాడు.

ఇంత శాస్త్రం చదివిన మనిషికి శకునాలంటే ఒళ్ళు మంట. పిల్లి ఎదురొస్తే, పట్టుకురండి, కంటి పరీక్ష చేస్తానంటాడు. కానీ ఆయన్ని పెంచింది వాళ్ళ నాయనమ్మ. ఆ పెంపకం ఎక్కడికి పోతుంది? బయటికి బయల్దేరుతుంటే ఎవరో తుమ్మారు ఒకసారి. "తాళాలు మర్చిపోయాను," అంటూ ఆయన వెనక్కి వెళ్ళాడు. తాళాలు ఆయన చేతిలోనే గలగలలాడుతున్నాయి. వంటింట్లో గ్లాసుడు నీళ్ళు తాగి, సోఫాలో ఒక నిమిషం కూర్చుని వచ్చాడు. ఇంకోసారి తాళాలు కాదు, దాహం అన్నాడు. అదీ ఒంటి తుమ్ము అయితేనే. వెంటనే రెండోది పడితే శుభం కాబట్టి ఆగడు. ఇది నేను కళ్ళారా చూసి కూడా ఎవరికీ చెప్పలేదు. తోడల్లుడి బలహీనత పాత ఊరగాయ జాడీ లాంటిది. అవసరం వచ్చేదాకా మూత తియ్యకూడదు.

అలాంటాయన ఒక పాత పికప్ ట్రక్కు కొన్నాడు. మొక్కలకి మట్టి తెచ్చుకోవడానికి అన్నాడు, మంచు కాలానికి పనికొస్తుందన్నాడు. అసలు కారణం ఎదురింట్లో ఉంది. ఎదురింటి అమెరికన్ పెద్దాయన ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడే మనిషి. ఆయనకీ ఒక పికప్ ఉంది. అది ఎంత ఎత్తంటే, మా అన్నయ్య బండి దాని పొట్ట కిందుగా దూరి, అవతల పార్క్ చేసుకుని, సామాను దింపుకోవచ్చు. రోజూ పొద్దున్నే కాఫీ పట్టుకుని కిటికీలోంచి ఆ బండి కేసీ తన బండి కేసీ చూసుకునేవాడు అన్నయ్య. "మనది నిలబడినట్టు లేదు తమ్ముడూ, చతికిలబడినట్టు ఉంది," అనేవాడు.

బాడీ లిఫ్ట్ అనే మాట నా చెవిన పడింది అప్పుడే. పికప్ అంటే రెండు ముక్కలు. కింద ఇనప చట్రం, దానికి చక్రాలు. పైన మనం కూర్చునే క్యాబిన్. రెంటినీ కలిపి పెద్ద పెద్ద బోల్టులు. ఆ బోల్టులు విప్పి, క్యాబిన్‌ని జాక్‌తో పైకెత్తి, చట్రానికీ దానికీ మధ్య మూడేసి అంగుళాల దిమ్మలు పెట్టి, ఇంకా పొడుగు బోల్టులు బిగిస్తే బండి ఎత్తు పెరుగుతుంది. అంతే. వినడానికి నోట్లో పెట్టుకుంటే కరిగిపోయేలా ఉంది. పెట్టె వచ్చిన రోజు ఇద్దరం కలిసి విప్పాం. నల్లటి గుండ్రటి దిమ్మలు, మధ్యలో చిల్లు. అచ్చం మాడిపోయిన మినపగారెలు, బకాసురుడి ఇంట్లో వండినవి. వాటితో పాటు ఒక పుస్తకం. అందులో సగానికి పైగా హెచ్చరికలే. ప్రతి పేజీలో ఒక పసుపు త్రికోణం, త్రికోణంలో ఒక చెయ్యి, ఆ చేతి మీద పడబోతున్న ఏదో బరువు. నేను పేజీలు తిప్పుతున్నకొద్దీ ఆ బరువు చేతికి దగ్గరవుతున్నట్టు అనిపించింది.

"షాపులో ఇచ్చేద్దాం అన్నయ్యా," అన్నాను.

"నేను మనిషి కంట్లో లెన్స్ మారుస్తాను. ట్రక్కుకి నాలుగు గారెలు పెట్టలేనా?"

వీడియోలో ఒక గడ్డపాయన పదకొండు నిమిషాల్లో పెట్టేశాడట. ఆ గడ్డపాయన మధ్యలో ఎన్నిసార్లు కెమెరా ఆపి ఆస్పత్రికి వెళ్ళి వచ్చాడో వీడియోలో చూపించరు కదా అన్నాను. వినలేదు. ఇక మా వదిన సంగతి. ఆవిడ ముందే ఒట్టు పెట్టింది, ఆ చేతులతో సుత్తి గానీ రెంచీ గానీ పట్టుకుంటే తన మీద ఒట్టేనని. అందుకని ముహూర్తం లాంగ్ వీకెండ్ శనివారం నాటికి పెట్టాడు. ఆ రోజు వదినా మా ఆవిడా పిల్లలందర్నీ వేసుకుని అరగంట దూరంలో ఎవరిదో సీమంతానికి వెళ్తున్నారు. సాయంత్రం నాలుగింటికి గానీ రారు. "నాలుగింటికల్లా బండి ఎత్తుగా నిలబడి ఉంటుంది, నేను స్నానం చేసి పేపర్ చదువుతూ ఉంటాను," అన్నాడు అన్నయ్య. ఆ వాక్యంలో నేనెక్కడ ఉంటానో చెప్పలేదు.

పొద్దున్న ఎనిమిదింటికి వాళ్ళింటి ముందు డ్రైవ్‌వేలో మొదలుపెట్టాం. వెనక సామాను తొట్టి పని అంతకు ముందు రెండు సాయంత్రాల్లో ఆయన దొంగతనంగా చేసేశాడు. మిగిలింది క్యాబిన్, పక్కకి మూడు చొప్పున ఆరు గారెలు. బ్యాటరీ వైరు పీకాడు. స్టీరింగ్ రాడ్ విప్పే ముందు, మళ్ళీ అదే చోట బిగించడానికి వదిన నెయిల్ పాలిష్‌తో గుర్తు పెట్టాడు. స్టీరింగ్ చక్రం తిరక్కుండా సీటు బెల్టుతో కట్టేశాడు. పెట్రోలు గొట్టం వదులు చేశాడు. ఆ వాసనకి నా కళ్ళ ముందు ఇల్లూ వీధీ ఊరూ వరసగా తగలబడిపోయాయి. ఫోనులో అత్యవసర నంబరు 911 నొక్కి, పచ్చ బటన్ ఒక్కటీ నొక్కకుండా, జేబులో సిద్ధంగా పెట్టుకున్నాను. చెప్పొద్దూ, ఆయన పని చూస్తుంటే ముచ్చటేసింది. బోల్టు విప్పి పక్కన పెడితే కూడా ఆపరేషన్ బల్ల మీద పెట్టినట్టు, వరసలో, తల అటువైపు.

నా పని జాక్ హ్యాండిల్ కొట్టడం, దించడం. దాంతో పాటు నాకు నేనే ఇంకో పని పెట్టుకున్నాను, "ఆగండి!" అని అరవడం. క్యాబిన్ మొదటిసారి చట్రాన్ని వదిలి లేచినప్పుడు లోపల ఎక్కడో రబ్బరు మూలిగింది, పదేళ్ళ నిద్రలోంచి లేపిన కుంభకర్ణుడిలా. "ఆగండి!" ఆయన ఆగాడు, చూశాడు, ఏమీ లేదు. ఉడత పరుగెత్తింది, ఆగండి. పోస్టు బండి వెళ్ళింది, ఆగండి. పదకొండోసారి చప్పుడు చేసింది నా మోకాలే.

"తమ్ముడూ," అన్నాడు ఆయన, రెంచీ కింద పెట్టి, రోగికి చెడ్డ వార్త చెప్పే గొంతుతో, "ఇంకోసారి ఆగండి అన్నావంటే నేను ఆగను. నీ మాటకి వాలిడిటీ అయిపోయింది."

అప్పుడే ఎదురింటి పెద్దాయన రోడ్డు దాటి వచ్చాడు. జేబుల్లో చేతులు పెట్టుకుని పది నిమిషాలు నిలబడ్డాడు. బండి కేసి చూశాడు, మా కేసి చూశాడు, రెండిట్లో ఏది ఎక్కువ పాతబడిందో తేల్చుకోలేనట్టు. చివరికి ఆ ఏడాది కోటాలోంచి కొంత ఖర్చు పెట్టాడు. వేళ్ళు లోపల పెట్టొద్దు, కర్రతో నెట్టండి. అంతే అని, తిరిగి వెళ్ళి గడ్డి కోసే మెషీన్ స్టార్ట్ చేసుకున్నాడు.

డ్రైవర్ వైపు మూడు గారెలూ పదకొండింటికల్లా కూర్చున్నాయి. పొడుగాటి స్క్రూడ్రైవర్‌తో నెట్టాడు, వేలు లోపల పెట్టలేదు. నాకే ఆశ్చర్యం వేసింది. ఆ విజయమే మా కొంప ముంచింది. అవతలి వైపు జాక్ పెట్టి, దాని నెత్తి మీద పైన్ చెక్క దిమ్మ పెట్టి, క్యాబిన్ అంచు కింద ఒత్తి రెండు దెబ్బలు కొట్టానో లేదో, తుపాకీ పేలినట్టు ఫట్‌మంది. నేను నేల మీద పడుకున్నాను. ఎవరూ కాల్చలేదు. దిమ్మ నిలువునా చీలింది. ఇంకా అంగుళం కూడా లేవలేదు కాబట్టి క్యాబిన్ మెల్లగా తన చోట తను కూర్చుంది.

ఇంకో దిమ్మ తెచ్చుకుందామంటే ఎలా వెళ్ళడం? ఆయన కారు గరాజ్ లోపల ఉంది, గరాజ్ ముందు డ్రైవ్‌వేలో ఈ ట్రక్కు అడ్డంగా ఉంది. మా కారు సీమంతానికి పోయింది. నేను నడిచి వచ్చాను. "ఎదురింటాయన్ని అడుగుదాం అన్నయ్యా, ఆయన దగ్గర లేని చెక్క ఉండదు," అన్నాను. "ఆయన్నా? చస్తే అడగను," అన్నాడు. ఎవరి బండిని మించాలని ఈ తిప్పలు పడుతున్నామో ఆయన్నే చెక్క అడుక్కోవడమా?

అప్పుడు వచ్చింది నాకు ఆలోచన. అంత తెలివైనది అంతకు ముందెప్పుడూ రాలేదు, ఆ తరవాత నేను రానివ్వలేదు. "అన్నయ్యా, మీ ఇంట్లో తలంటు పీట ఉందిగా!"

మా అత్తగారు పెద్దకూతురికిచ్చిన టేకు పీట అది. పట్టుచీరల మధ్య చుట్టుకుని సూట్‌కేసులో సముద్రాలు దాటింది. రెండిళ్ళ పిల్లలందరికీ, ప్రతి దీపావళికీ ప్రతి పుట్టినరోజుకీ, దాని మీద కూర్చోబెట్టి నువ్వులనూనె పెట్టి మాడు అదిరేలా మర్దనా చేసిన చరిత్ర దానిది. పిల్లలు తాగించిన కన్నీళ్ళకన్నా అది తాగిన నూనే ఎక్కువ. పరుగున వెళ్ళి లాండ్రీ గదిలోంచి తెచ్చాను. తిరగేసి చూస్తే, అడుగున రెండు అడ్డపట్టీల మధ్య జాక్ తలకాయ సరిగ్గా కొలిచినట్టు ఇమిడింది. "చూశారా, విశ్వకర్మ ఈ జాక్ కోసమే చెక్కాడు," అన్నాను. పైవైపు కాస్త జిడ్డుగా ఉందని తువ్వాలుతో తుడిచాను కూడా. తుడిస్తే జిడ్డు పోలేదు, అద్దంలా మెరిసింది. ఆ మెరుపులో నా మొహం నాకు కనిపించింది. సంతోషంగా ఉంది, పాపం.

క్యాబిన్ లేచింది. మూలగలేదు, కీచుమనలేదు. అదే నాకు అనుమానం. రెండు గారెలు కూర్చున్నాయి. మూడోది, ముందు చక్రం వెనకాల ఉండేది, ఒరిగిపోయి అడ్డం తిరిగింది. స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు, కదల్లేదు. ఇంకో రెండు దెబ్బలు కొట్టమన్నాడు, కొట్టాను. కదల్లేదు. ఆయన అట్టముక్క మీద పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు, ఆయన మొహం నాకు, నా మొహం ఆయనకి ఎదురుగా, మధ్యలో జాక్. స్క్రూడ్రైవర్ అక్కడే వదిలేసి, గ్లవ్ ఊడదీశాడు.

"అన్నయ్యా, వేళ్ళు..."

"గ్లవ్‌తో స్పర్శ తెలియట్లేదు. ఒక్క సెకను."

చెయ్యి లోపలికి పోయింది. ముందు వేళ్ళు, తరవాత అరచెయ్యి, తరవాత మణికట్టు. పైన అర ఏనుగంత ఇనుము, కింద చట్రం, మధ్యలో మా అత్తగారు కాఫీ వేడి చూసి ఇచ్చిన చెయ్యి. పుస్తకంలో పసుపు త్రికోణం బొమ్మ ప్రాణం పోసుకుని ఆ డ్రైవ్‌వేలో పడుకున్నట్టుంది. సరిగ్గా అప్పుడు పీట కదిలింది.

ఎంత కదిలింది? ఒక నువ్వు గింజంత. కదిలిందా, నా కళ్ళు కదిలాయా? ఏళ్ళ తరబడి తాగిన నూనంతా ఆ బరువు కింద చెమటలా పైకి ఊరి, క్యాబిన్ అంచు పొడుగునా సన్నటి గీతలా మెరుస్తోంది. హ్యాండిల్ వదిలితే ఏమవుతుందో, కొడితే ఏమవుతుందో తెలియదు. "పీట జారుతోంది అన్నయ్యా" అని మూడు మాటలు. ఆ మూడు మాటలకి సరిపడా తడి నా గొంతులో లేదు. ఎలాగో కూడదీసుకుని "ఆగం..." అన్నాను. "నోర్ముయ్, దొరికింది, ఇంకొంచెం," అన్నాడు ఆయన. వాలిడిటీ అయిపోయిన మాట. పీట ఇంకో నువ్వు గింజ జరిగింది.

అప్పుడు తుమ్మాను.

రాని తుమ్ము తుమ్మాను. నాటకంలో కూడా ఎవరూ అంత ఘోరంగా తుమ్మి ఉండరు. "హాఛ్!" అని గొంతు చించుకుంటే వీధి చివరి చెట్టు మీది పిట్టలు లేచిపోయాయి, ఎదురింటి గడ్డి మెషీన్ దగ్గింది. ఒంటి తుమ్ము. కానీ ఆ ఊపుకి లేచిన దుమ్ము నా ముక్కులోకి వెళ్ళి, లోపల నిజం తుమ్మొకటి తయారవడం మొదలుపెట్టింది. రెండోది పడిందా, శుభం! ఆయన చెయ్యి అక్కడే ఉంటుంది! ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో ముక్కు, కళ్ళు పీట మీద. ఊపిరి బిగబట్టి, నాకు తెలిసిన దేవుళ్ళకీ, తెలియని దేవుళ్ళకీ, ఆ ముక్కుని అప్పజెప్పాను.

"ఛీ, నీ ముక్కు తగలెయ్య!" అని ఆయన చెయ్యి బయటికి లాక్కున్నాడు. "అరనిమిషం ఆగు. దాహంగా ఉంది. కాసిని నీళ్ళు పట్రా."

నేను లేవడానికి నేల మీద చెయ్యి ఆనించాను. ఆనించిన చెయ్యి ఆనినట్టే ఉంది. పీట చేపలా జారింది. జారి, డ్రైవ్‌వే మీద గిర్రున తిరుగుతూ పోయి లాన్‌లో పడింది. క్యాబిన్ దిగింది. ఆ చప్పుడు నేను వర్ణించలేను, దేన్నయినా పెంచి చెప్పగలను గానీ దాన్ని మాత్రం ఎంత చెప్పినా తగ్గించి చెప్పినట్టే ఉంటుంది. గారె రెండు ఇనుముల మధ్య నాలిక కొరుక్కున్నట్టు బయటికి పొడుచుకొచ్చి ఆగింది. లోపల వదిలేసిన స్క్రూడ్రైవర్, నా బొటనవేలంత లావుది, కొడవలిలా వంగింది.

ఇద్దరం అక్కడే కూర్చున్నాం. ఆయన తన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎవరిదో చెయ్యి తన దగ్గర మర్చిపోయి వెళ్ళినట్టు చూస్తున్నాడు. తరవాత బొటనవేలితో మిగతా వేళ్ళ కణుపులు ఒక్కొక్కటీ తాకుతూ పోయాడు, జపం చేస్తున్నట్టు. అన్నీ ఉన్నాయి. మళ్ళీ మొదటి నుంచి తాకాడు.

"మంగళవారం తొమ్మిది కళ్ళున్నాయి తమ్ముడూ," అన్నాడు.

నేను జేబులోంచి ఫోను తీసి 911 చెరిపేశాను.

గడ్డి మెషీన్ ఆగింది. పెద్దాయన ఓక్ చెక్క దిమ్మ ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని, జాక్ సరిచేసి, క్యాబిన్ లేపి, చీపురు కర్రతో గారెని ఒక్క పోటు పొడిచాడు. కూర్చుంది. బోల్టులన్నీ బిగించేదాకా, స్టీరింగ్ రాడ్ నెయిల్ పాలిష్ గుర్తుకి కలిసేదాకా ఉన్నాడు. వెళ్ళేముందు లాన్‌లోంచి పీట ఏరి, వాసన చూశాడు. "నువ్వులా?" అని అడిగాడు. అవునన్నాను. తల పంకించి వెళ్ళిపోయాడు.

నాలుగింటికి వాళ్ళు వచ్చారు. వదిన కారు దిగి, ట్రక్కు కేసి తల పైకెత్తి చూసి, "ఇదేమిటండీ, దీనికి కాళ్ళు వాచాయా?" అంది. తరవాత పీట చూసింది. గాటు చూసింది. వంగిన స్క్రూడ్రైవర్ చూసింది. చివరికి ఆయన కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, వేళ్ళు లెక్కపెట్టింది. అంతా చెప్పేశాడు ఆయన. "ఈ పీట నా ఇంట్లో ఉండడానికి వీల్లేదు. మీరూ అంతే మరిదిగారూ," అంది. పీట ఆ సాయంత్రమే నాతో మా గరాజ్‌కి వచ్చింది. నేను మూడు నెలల తరవాత మళ్ళీ వాళ్ళ గుమ్మం ఎక్కాను.

అప్పట్నించీ పెద్దవాళ్ళ ఏ పార్టీలోనైనా ఆయన ఈ కథ చెప్పాల్సిందే. "సైన్సు సైన్సే, నాయనమ్మ నాయనమ్మే. తుమ్ము వినపడగానే నా చెయ్యి దానంతటదే బయటికొచ్చేసింది," అంటాడు. ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకుంటారు. నేను ప్లేటులో బిర్యానీ కేసి చూస్తూ ఉంటాను. పీట నా ఆలోచన అని అందరికీ తెలుసు. తుమ్ము దొంగదని ఎవరికీ తెలియదు. చెబితే, జారుతుంటే చూసి కూడా నోరు పెగల్లేదన్న సంగతీ చెప్పాలి. అదీగాక ఆ తుమ్ము అరక్షణం ఆలస్యమై ఉంటే? ఆ అరక్షణం నా నిద్రలోకి ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. వచ్చినప్పుడల్లా నేను తుమ్మబోతాను, తుమ్ము రాదు. నోరు తెరిచినవాణ్ణి తెరిచినట్టే లేచి కూర్చుంటాను.

పోయిన శనివారం మేం గరాజ్ సర్దుతుండగా, ఆ మధ్యాహ్నమే అన్నయ్య ఫోను. "తమ్ముడూ, ట్రక్కు ఇచ్చేస్తున్నాను. మోకాళ్ళు ఎక్కనివ్వట్లేదు. రేపు వాళ్ళెవరో వచ్చి తీసుకెళ్తారు. చూస్తావేమో అని." నేను పీట చంకలో పెట్టుకుని నాలుగు వీధులూ నడిచాను. ఆయన బండి పక్కన నిలబడి, క్యాబిన్ కిందకి వంగి, ఆ మూడో గారె కేసి చూస్తున్నాడు.

"అన్నయ్యా," అన్నాను, "ఆ రోజు తుమ్ము..."

"దొంగ తుమ్ము," అన్నాడు ఆయన, వెనక్కి తిరక్కుండానే.

నా చంకలో పీట జారింది, మళ్ళీ. పట్టుకున్నాను. "ఎప్పుడు తెలిసింది?"

"అప్పుడే. తుమ్మేవాడు కళ్ళు మూసుకుంటాడురా. నువ్వు గుడ్లు మిటకరించి పీట కేసి చూస్తూ తుమ్మావు. కంటి డాక్టర్నిరా నేను."

"మరి దొంగదని తెలిసి చెయ్యెందుకు తీశారు?"

ఆయన ఇటు తిరిగాడు. నా చేతిలోంచి పీట తీసుకుని, గాటు మీద బొటనవేలితో ఒక చుట్టు చుట్టాడు.

"పొద్దుట్నించీ భయంతో చస్తున్నాను. నువ్వు పదకొండుసార్లు ఆగండి అన్నావు. పదకొండుసార్లూ ఆగిపోదామనే అనిపించింది. తమ్ముడి ముందు ఎలా చెప్పను? ఎవరైనా తుమ్మితే బావుణ్ణని చూస్తున్నాను. నువ్వు తుమ్మావు."

"పార్టీల్లో మరి ఆ నాయనమ్మ కథ?"

"భయమేసి తీశానని చెప్పమంటావా? నాయనమ్మ మీద పెడితే ఎవడూ నవ్వడు."

పీట నేల మీద వేసి, ట్రక్కు చక్రానికి ఆనుకుని దాని మీద కూర్చున్నాడు. నేను పక్కన డ్రైవ్‌వే మీద కూర్చున్నాను. ఎదురింట్లో గడ్డి మెషీన్ నడుస్తోంది. తుమ్మితే ఒక్క నిమిషం ఆగమన్నారు పెద్దవాళ్ళు; మేమిద్దరం తొమ్మిదేళ్ళు ఆగాం.